గ్రేడ్ 1 అని రాసిన ఎంబ్రియోలు కూడా చూడి కట్టట్లేదు, నా గ్రేడింగ్ లోనే తప్పుందా?

పెయ్యదూడ:

అందరికీ నమస్తే. ఎంవీఎస్సీ అయ్యాక ఆవుల ఐవీఎఫ్ ల్యాబ్ లో చేరి ఎనిమిది నెలలైంది. మా డోనర్లు (అండాలిచ్చే ఆవులు) గిర్, సాహివాల్, కొన్ని ఒంగోలు. ఓపీయూ (ఆవు అండాశయంలోంచి సూదితో అండాలు తీయడం) మా సార్ చేస్తారు, ఆ తర్వాత ఊసైట్లు (అండాలు) వెతకడం దగ్గర్నుంచి డే 7 న ఎంబ్రియోలకి గ్రేడ్ రాసి స్ట్రాల్లో (సన్నని గొట్టాల్లో) నింపేదాకా నేనూ ఇంకో అబ్బాయీ చూసుకుంటాం.

విషయం ఏంటంటే గత మూడు నెలల్లో ఫ్రెష్ గా 31 ఎంబ్రియోలు పెట్టాం, వాటిలో 26 నేను గ్రేడ్ 1 రాసినవే, చూడి కట్టింది మాత్రం 8. మొన్న చూడి పరీక్షకి సార్ తో పాటు నేనూ వెళ్ళా. ఒక రైతు తన రెండు పెయ్యల్ని రెసిపియెంట్లుగా (పిండాన్ని మోసేవిగా) ఇచ్చాడు, రెండూ ఖాళీ. ఆయన కోప్పడలేదు, "మంచి పిండమే అన్నారు కదమ్మా" అని ఒక్క మాట అన్నాడు అంతే. ఆ మంచి పిండం అని రాసింది నేనే కదా, తిరిగొచ్చే దారంతా అదే మాట చెవిలో.

నేను చేసే పద్ధతి ఇది. గోడకి ఐఈటీఎస్ (అంతర్జాతీయ ఎంబ్రియో సంస్థ) గ్రేడింగ్ చార్ట్ అంటించుకున్నాం, అందులో 1 అంటే అన్నిటికంటే మంచిది. స్టీరియో మైక్రోస్కోప్ కింద 50 రెట్లలో డిష్ పెట్టి చూసి, అంచు గుండ్రంగా ఉండి లోపల కణాలు ఒకే గుత్తిగా కనిపిస్తే 1 రాస్తా, బ్లాస్టోసిస్ట్ (లోపల నీటిగుంట ఏర్పడ్డ పిండం) అయినా గట్టిపడిన మోరులా (ఇంకా కణాల ముద్దగానే ఉన్న పిండం) అయినా అదే లెక్క. రంగు నల్లగా ఉంటే 2 కి దించుతా. ఇంకోటి, పోయిన నెల పొద్దున బాగా ఉబ్బి ఉన్న బ్లాస్టోసిస్ట్ ని 1 రాసి, గంట తర్వాత లోడ్ చేద్దామని తీస్తే జోనా (పిండం చుట్టూ ఉండే పొర) లోపల ముడుచుకుపోయి చిన్న ముద్దలా ఉంది, చచ్చిపోయిందనుకుని పక్కన పడేశా. అలా రెండుసార్లు జరిగింది.

ఎక్కడ తప్పు చేస్తున్నానో దయచేసి చెప్పండి, ఎంత కటువుగా చెప్పినా పర్లేదు.

ముప్పైఎనిమిదిన్నర:

అమ్మా, నీ పోస్ట్ రెండుసార్లు చదివా. నాకు మొట్టమొదట తగిలింది "డిష్ పెట్టి చూసి" అన్న మాట. దొర్లించి చూస్తున్నావా? ఎంబ్రియో బంతిలాంటిది, పైనుంచి చూస్తే ఒక పక్కే కనపడుతుంది. పైపెట్ తో పక్కనుంచి మీడియా కాస్త మెల్లగా ఊదితే అది పల్టీ కొడుతుంది, రెండు మూడు పల్టీలు కొట్టించాకే గ్రేడ్ రాయాలి. పైనుంచి నున్నగా కనపడ్డ మోరులా తిరగ్గానే కింద ఏడెనిమిది కణాలు గుత్తిలో కలవకుండా, జోనాకీ గుత్తికీ మధ్య ఖాళీలో విడివిడిగా, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, బూడిదరంగులో కనపడతాయి. నేను నేర్చుకునే రోజుల్లో ఇలాంటివి ఎన్ని 1 రాశానో నాకే తెలీదు, మా మేడమ్ నా చెయ్యి పట్టుకుని పైపెట్ ఊదించి చూపించేదాకా. 50 రెట్లలో వెతుక్కో, గ్రేడ్ మాత్రం 80 కో 100 కో పెంచి రాయి.

ఇక లెక్క. బతికున్న కణాలు, ఒకటే గుత్తిగా ఉన్న భాగం మొత్తం కణపదార్థంలో కనీసం 85 శాతం ఉంటే 1. కనీసం 50 ఉంటే 2, కనీసం 25 ఉంటే 3, అంతకంటే తక్కువైతే, చచ్చినా కుళ్ళినా 4. అంటే గుండ్రంగా ఉందా లేదా అనేది అసలు ప్రశ్న కాదు, బయటపడ్డ సరుకు ఎంత అనేది ప్రశ్న. 1 రాయాలంటే జోనా కూడా నున్నగా, సొట్టలు లేకుండా ఉండాలి, సొట్ట ఉంటే డిష్ కో స్ట్రాకో అతుక్కోవచ్చు. జోనా పగిలిందా లేదా అన్నది మాత్రం వేరేగా రాసుకో, అది ఎందుకో కింద చెప్తా.

రెండోది మోరులా సంగతి. ఐఈటీఎస్ కోడ్ లో రెండు అంకెలు ఎందుకు పెట్టారు? మొదటిది స్టేజ్, రెండోది నాణ్యత. గట్టిపడిన మోరులా 4, అప్పుడే నీటిగుంట మొదలైన బ్లాస్టోసిస్ట్ 5, పూర్తి బ్లాస్టోసిస్ట్ 6, ఉబ్బి జోనా పల్చబడ్డది 7, జోనాలోంచి బయటపడ్డది 8. ఆవు కడుపులోంచి ఫ్లష్ చేసి తీసిన డే 7 ఎంబ్రియో 4-1 ఉంటే చాలా మంచిది, కళ్ళకద్దుకుని పెట్టుకోవచ్చు. కానీ మన డిష్ లో ఫెర్టిలైజేషన్ అయి ఏడు రోజులు దాటినా ఇంకా మోరులా దగ్గరే ఆగి ఉందంటే అది వెనకపడ్డది, పైగా డిష్ లో మోరులా నిజంగా గట్టిపడిందా లేక పెరగడం ఆగిపోయిన కణాల ముద్దా అనేది కంటితో తేల్చడం చాలా కష్టం. మేం డే 7 మోరులాని లెక్కలోకే తీసుకోం, ఇంకో రోజు ఆగి చూస్తాం. నీ 26 లో మోరులాలు ఎన్నో ముందు అది విడదీసి చూడు, సగం జవాబు అక్కడే దొరకొచ్చు.

మూడోది, నువ్వు పడేసిన ఆ రెండు. అది చదివి మనసు చివుక్కుమంది. ఉబ్బిన బ్లాస్టోసిస్ట్ లోపలికి నీరు పంపు చేసుకుంటూ ఉంటుంది, మధ్యమధ్యలో ఆ నీరు కారిపోయి ముడుచుకుంటుంది, మళ్ళీ ఉబ్బుతుంది. బయట ఎక్కువసేపు ఉండి చల్లబడినా ముడుచుకుంటుంది. ముడుచుకున్నది కనపడితే వెంటనే ఏమీ రాయకు, తిరిగి ఇంక్యుబేటర్ లో పెట్టి రెండు మూడు గంటలయ్యాక చూడు. మళ్ళీ ఉబ్బితే దాని అసలు గ్రేడ్ అప్పుడు రాయి. ఉబ్బకుండా ముద్ద అలాగే నల్లబడుతూ పోతే అప్పుడు 4. మీ స్టేజ్ వార్మర్ పనిచేస్తోందా అన్నది కూడా చూడు, దాని డిస్ప్లే నమ్మొద్దు, డ్రాప్ దగ్గర థర్మామీటర్ పెట్టి చూడు.

నలుపు గురించి. అది చాలావరకు కొవ్వు. కల్చర్ మీడియాలో సీరం ఎక్కువైతే కొవ్వు బిందువులు పేరుకుంటాయి, జెర్సీవి, గేదెలవి మామూలుగానే ముదురు రంగు. మొత్తం ఒకే రకంగా ముదురుగా ఉంటే అది ఒక్కటే చూసి గ్రేడ్ తగ్గించకు, కానీ అలాంటిది ఫ్రీజింగ్ కి అంతగా తట్టుకోదు కాబట్టి రిజిస్టర్ లో రాసిపెట్టు. ఒక పక్క మాత్రమే మచ్చలుగా, గరుకుగా నల్లబడితే అది చచ్చిన కణాలు, దానికి తగ్గించాల్సిందే.

చివరగా నువ్వు అసలు రాయనిది ఒకటుంది. లోపలి కణాల ముద్ద. రేపు దూడ అయ్యేది అదే, చుట్టూ వరసగా ఉండేవి మాయ అవుతాయి. దొర్లిస్తున్నప్పుడు ఒక పక్కన ఆ ముద్ద గట్టిగా, అంచు తెలిసేలా కనపడాలి. ఎంత అందంగా ఉబ్బినా ఎన్ని పల్టీలు కొట్టించినా ముద్ద కనపడకపోతే నేను దానికి 1 రాయను. జోనా అందంగా పల్చబడి మెరుస్తుంటే మన కన్ను అక్కడే ఆగిపోతుంది, ముద్ద దాకా పోదు.

పల్లె_వెట్:

మేడమ్ చెప్పినవన్నీ నిజమే. నేను పెట్టే వైపు నుంచి మాట్లాడతా, ఎందుకంటే తప్పంతా మీ మైక్రోస్కోప్ దగ్గరే ఉందని ఇప్పుడే తేల్చేసుకోకండి డాక్టర్ గారూ. మీరు డే 0 అని దేన్ని అంటున్నారు? ఓపీయూ రోజునా, సెమెన్ కలిపిన రోజునా?

ఇది చాలా చోట్ల జరిగే పొరపాటు. సోమవారం ఓపీయూ చేస్తే ఊసైట్లు దాదాపు ఒక రోజు మెచ్యురేషన్ లో ఉంటాయి, మంగళవారం సెమెన్ కలుపుతారు, ఆ మంగళవారమే డే 0. కాబట్టి పై మంగళవారం డే 7. రెసిపియెంట్ ఎద కూడా మంగళవారం చుట్టూ ఉండాలి, ఒక రోజు అటూఇటూ పర్లేదు. రైతులకి ఓపీయూ రోజు చెప్పి హార్మోన్ సూదులు దానికి సరిపోయేలా ఇస్తే ఆవు సోమవారం ఎదకొస్తుంది, దానికి ఫర్వాలేదు, కానీ "ఒక రోజు ముందొచ్చినా ఓకే" అని ఆదివారం ఎదకొచ్చిన దాన్ని కూడా తీసుకుంటాం కదా, అప్పుడు ఆవు డే 9 లో, ఎంబ్రియో డే 7 లో. రెండు రోజుల తేడా. దానిమీద మోరులా పెట్టారంటే ఇంకా తేడా.

నేను పెట్టే ముందు ఎద తేదీ రైతు నోటితో విన్నాక కూడా స్కాన్ పెట్టి కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అండాశయం మీద ఏర్పడే గ్రంథి) చూస్తా, ఏ వైపు అండాశయం మీద ఉందో ఆ వైపు గర్భాశయం కొమ్ములోనే, వీలైనంత పైకి పెడతా. కార్పస్ లూటియం లేని ఆవుని ఎంత బతిమాలినా వెనక్కి పంపేస్తా. ఇప్పటికే రెండు మూడుసార్లు తిరగపొర్లిన (చూడి నిలవక మళ్ళీ ఎదకొచ్చిన) ఆవుని రెసిపియెంట్ గా ఇస్తామంటారు కొందరు, పాపం వాళ్ళ ఆశ వాళ్ళది, కానీ వాటి మీద పెట్టి చూడి కట్టలేదని ఎంబ్రియోని నిందిస్తే ఎలా. మీ 31 లో పెయ్యలు ఎన్ని, ఈనిన ఆవులు ఎన్ని, తిరగపొర్లినవి ఎన్ని, ఎద తేదీలు ఏంటి, ఇవన్నీ ఒక కాగితం మీద గ్రేడ్ పక్కనే రాయండి. ఫ్రెష్ ఐవీఎఫ్ ఎంబ్రియోలకి అంతా సరిగ్గా ఉంటే 40 శాతం చుట్టుపక్కల రావాలి, మీది 26 శాతం దగ్గర ఆగింది, ఆ మధ్యలో తేడా అంతా గ్రేడింగ్ ఒక్కదానిదే అయ్యుండదు.

ఇంకోటి, ల్యాబ్ నుంచి పాక దాకా స్ట్రాలు ఎలా వస్తున్నాయి? నేను ఒకసారి ఎండాకాలంలో స్ట్రాలు థర్మోకోల్ డబ్బాలో గంటన్నర మోసుకొచ్చిన టీమ్ ని చూశా. పొద్దున రాసిన 7-1 అప్పటికి ఏమైపోయి ఉంటుందో.

పెయ్యదూడ:

సార్, మేడమ్, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. వెంటనే రిజిస్టర్ తీసి కూర్చున్నా. 26 లో 9 మోరులాలు. తొమ్మిదిలో చూడి ఒక్కటి. దొర్లించడం అనేది నాకు ఎవరూ చెప్పలేదు, నేను డిష్ ని కదిపి చూసేదాన్ని, అది సరిపోతుందనుకున్నా.

పల్లె వెట్ సార్ అడిగిన డే 0, మా ల్యాబ్ రిజిస్టర్ లో సరిగ్గానే సెమెన్ కలిపిన రోజే ఉంది, కానీ ఫీల్డ్ వాళ్ళకి ఇచ్చే సింక్రనైజేషన్ షీట్ (రెసిపియెంట్లని ఎదకి తెచ్చే సూదుల తేదీలు) ఓపీయూ రోజుకి రాసి ఉంది. రెండు షీట్లు పక్కపక్కన పెట్టి చూసింది ఇప్పటిదాకా ఎవరూ లేరు. ఖాళీ తేలిన ఆ రైతు రెండు పెయ్యల్లో ఒకటి సరిగ్గా మీరన్న ఆదివారం కేసే. సార్ కి చెప్పా, ఆయన షీట్ మార్పించారు. స్ట్రాలు పోర్టబుల్ ఇంక్యుబేటర్ లోనే వెళ్తాయి, అది బాగానే ఉంది.

ఉబెరాబా_తెలుగోడు:

నేను బ్రెజిల్ లో మినాస్ జెరైస్ లో ఒక ల్యాబ్ లో చేస్తున్నా, ఇక్కడ రోజూ చేతిలోంచి పోయేది ఎక్కువగా నెలోర్, గిర్. నెలోర్ అంటే మన నెల్లూరు పేరే, మన ఒంగోలు జాతే ఇక్కడికొచ్చి ఇంత మంద అయింది, మొదటిసారి ఒక ఫార్మ్ లో తెల్లటి మూపురాల వరస చూసినప్పుడు నాకు మా ఊరి సంత గుర్తొచ్చింది. ఈ జాతి ఆవులు హోల్స్టీన్ కంటే ఓపీయూలో ఊసైట్లు చాలా ఎక్కువ ఇస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఫ్లష్ చేసి తీసే ఎంబ్రియోల కంటే ల్యాబ్ లో తయారైనవి ఎక్కువ అయింది 2016 లో, దాంట్లో బ్రెజిల్ వాటా చాలా పెద్దది.

చెల్లెమ్మా, మేడమ్ చెప్పిన గ్రేడింగ్ అంతా డే 7 న ఒక్క నిమిషంలో కనపడేది. నేను అంతకుముందు రాసుకునేవి చెప్తా. ఊసైట్లు దొరికినప్పుడే వాటి చుట్టూ క్యుములస్ కణాలు ఎన్ని వరసలున్నాయి, లోపల సైటోప్లాజం ఒకేలా ఉందా అని చూసి విడదీస్తాం, బట్టలూడినట్టు క్యుములస్ లేని ఊసైట్లని మంచివాటితో ఒకే డ్రాప్ లో కలపం. సెమెన్ కలిపిన 30 గంటల లోపే రెండు కణాలైనవి వేరే, 48 గంటలకి కూడా మెల్లగా విడిపోయేవి వేరే. త్వరగా విడిపోయినవే డే 7 కి మంచి బ్లాస్టోసిస్ట్ లు అవుతాయి. డే 6 సాయంత్రానికే ఉబ్బడం మొదలైనది, డే 7 కి ఉబ్బినది, డే 8 కి ఉబ్బినది మూడూ చూడ్డానికి 7-1 లాగే ఉంటాయి, కానీ చూడి కట్టే విషయంలో డే 8 ది వెనకే. కాబట్టి కోడ్ పక్కన రోజూ గంటా రాయి. రోజుకి పదిసార్లు తీసి చూడమని కాదు, తలుపు తీసిన ప్రతిసారి గ్యాస్ పోతుంది, ఆక్సిజన్ 5 శాతం దగ్గర పెట్టుకున్నది పెరుగుతుంది, అదే ఎంబ్రియోకి దెబ్బ.

నీ కన్ను సరిగ్గా ఉందా లేదా తెలియాలంటే రెండు పరీక్షలు ఉన్నాయి. ఒకటి, వాడుకోని మిగులు ఎంబ్రియోల్ని నెలకి కొన్ని హోఎక్స్ట్ రంగు వేసి ఫ్లోరోసెన్స్ కింద కణాలు లెక్కపెట్టు. డే 7 న బాగా ఉబ్బిన గ్రేడ్ 1 లో వంద పైన కేంద్రకాలు నీలంగా మెరవాలి. నువ్వు 1 రాసింది 60 కణాలే వస్తే అది నీళ్ళతో ఉబ్బిన బుడగ. అలా లెక్కపెడితే ఆ ఎంబ్రియో పోతుంది, అందుకే పెట్టేవాటి మీద చెయ్యలేం, కానీ కన్నుకి ఇంతకంటే మంచి గురువు నాకు దొరకలేదు. రెండు, ఫ్రీజ్ చేసిన బ్యాచ్ నుంచి కొన్ని స్ట్రాలు థా చేసి (కరిగించి) తిరిగి కల్చర్ లో పెట్టు. 24 గంటల్లో మళ్ళీ ఉబ్బినవెన్ని, 48 నుంచి 72 గంటల్లో జోనాలోంచి బయటపడ్డవెన్ని చూడు. థా అవ్వగానే బాగుంది అని రాసేసి వదిలేస్తే దానికి విలువ లేదు, ఆ క్షణంలో అన్నీ బాగానే ఉన్నట్టు ఉంటాయి.

ఇంకా ఒకటి, మీ ఇద్దరూ ఒకరి గ్రేడ్ ఒకరికి చూపించకుండా విడివిడిగా రాయండి. 1, 4 దగ్గర గొడవ రాదు, 1 కా 2 కా అనే దగ్గరే వస్తుంది. ఆ గొడవ పడ్డవాటిని పక్కపక్కన కూర్చుని మళ్ళీ దొర్లించి చూడండి.

గడ్డివాము_రైతు:

నేను డాక్టర్ ని కాదండి, నాలుగు గిర్ ఆవులున్న రైతుని. గోకుల్ మిషన్ కింద ఐవీఎఫ్ తో చూడి నిలిస్తే 5000 సబ్సిడీ అని విని ఫ్రోజెన్ ఎంబ్రియోలు తెప్పిద్దామనుకుంటున్నా. అవతలి వాళ్ళు "అన్నీ ఏ గ్రేడ్ అండి" అంటున్నారు. నేను ఏం అడగాలి?

ముప్పైఎనిమిదిన్నర:

అన్నా, ఏ గ్రేడ్ అనే మాట వదిలేసి కోడ్ అడగండి. ఒక్కో స్ట్రాకీ స్టేజ్, గ్రేడ్ రెండు అంకెలు, ఫెర్టిలైజేషన్ తేదీ, ఫ్రీజ్ చేసిన తేదీ, డోనర్, ఆంబోతు వివరాలు కాగితం మీద ఉండాలి. ఫ్రీజ్ చేసినవాటిలో గ్రేడ్ 2 ఇస్తామంటే నేనైతే తీసుకోను, ఫ్రెష్ లో 2 కి అవకాశం ఉంటుంది కానీ ఫ్రీజింగ్ దెబ్బకి అది సరిగా తట్టుకోదు. ఆ బ్యాచ్ థా చేసి చూశారా, ఎన్ని మళ్ళీ ఉబ్బాయి అని అడగండి. స్లో ఫ్రీజింగా (మెల్లగా గడ్డకట్టించడం), విట్రిఫికేషనా (ఒక్కసారిగా గడ్డకట్టించడం) అనేది కూడా అడగండి, రెండిటికీ థా చేసే పద్ధతి వేరు, మీ ఊరి డాక్టర్ గారికి అది ముందే తెలియాలి. చూడి పరీక్ష 30 రోజులకి ఒకసారి చేయించి ఆపేయకండి, ఐవీఎఫ్ చూడి మధ్యలో పోవడం ఎక్కువ, 60 రోజులకి మళ్ళీ చేయించండి.

జోనా గురించి కింద చెప్తానన్నా కదా, అది ఇక్కడే. జోనా చెక్కుచెదరకుండా ఉంటేనే కడిగి రోగాలు పోగొట్టగలం. ఒకేసారి పదికి మించకుండా తీసుకుని, ప్రతిసారీ కొత్త పైపెట్ తో, కనీసం పదిసార్లు కడగాలి, ఐబీఆర్ (ఆవుల శ్వాస రోగం) లాంటి వైరస్ కి మధ్యలో ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కూడా వాడతారు. ల్యాబ్ లో తయారైన ఎంబ్రియో జోనాకి వైరస్ లు గట్టిగా అతుక్కుంటాయి కాబట్టి ఈ విషయంలో ఇంకా జాగ్రత్త. జోనా పగిలింది, లేదా దాన్ని వదిలేసి బయటికొచ్చేసిన స్టేజ్ 8 ది ఎంత ఆరోగ్యంగా కనపడినా ఈ రక్షణ ఉండదు. మీ మందలోకి వచ్చేది దూడ ఒక్కటే కావాలి, రోగం రాకూడదు. కడిగారా అని తప్పకుండా అడగండి.

గడ్డివాము_రైతు:

ఇదంతా రాసుకున్నానమ్మా. రేపే ఫోన్ చేసి అడుగుతా.

పెయ్యదూడ:

మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నా. ఈమధ్య రెండు బ్యాచులు అయ్యాయి. ఇప్పుడు ప్రతి ఎంబ్రియోనీ మూడు పల్టీలు కొట్టించి 100 రెట్లలో చూస్తున్నా, ముద్ద ఎక్కడుందో రిజిస్టర్ లో చిన్న బొమ్మ గీస్తున్నా. నేనూ ఆ అబ్బాయీ విడివిడిగా రాశాం, 22 లో 6 దగ్గర తేడా వచ్చింది, ఆరూ 1 కా 2 కా దగ్గరే, అన్నయ్య చెప్పినట్టే. డే 7 మోరులాలు మూడు ఉంటే ఆపి చూశాం, డే 8 కి ఒక్కటి మాత్రం బ్లాస్టోసిస్ట్ అయింది, మిగతా రెండు అలాగే ఉండిపోయాయి. ఒక బ్లాస్టోసిస్ట్ మళ్ళీ ముడుచుకుంది, ఈసారి పడెయ్యకుండా ఇంక్యుబేటర్ లో పెట్టి రెండున్నర గంటలకి తీస్తే జోనా నిండా ఉబ్బి ఉంది, నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి నిజంగా. దాన్ని ఆ రైతు రెండో పెయ్యకే పెట్టాం, ఎద తేదీ సరిగ్గా సరిపోయింది, చూడి పరీక్షకి ఇంకా టైం ఉంది.

మేడమ్, ఒక్క డౌట్. నిన్నటి దాంట్లో ఒకటి బాగా ఉబ్బింది, ముద్ద చక్కగా ఉంది, కానీ తిప్పితే ఒక పక్కన ఏడో ఎనిమిదో కణాలు విడిగా ఉన్నాయి. 85 శాతం ఉందో లేదో తేల్చుకోలేక పది నిమిషాలు చూస్తూ కూర్చున్నా.

ముప్పైఎనిమిదిన్నర:

పది నిమిషాలు బయట ఉంచొద్దమ్మా, ముందు అది. తేలకపోతే లోపల పెట్టేసి కాసేపటికి ఇంకోసారి తియ్యి. నువ్వు చెప్పినదాన్ని బట్టి వందకి పైన కణాలున్న ఉబ్బిన బ్లాస్టోసిస్ట్ లో ఏడెనిమిది బయటపడితే అది 1 లోనే ఉంటుంది, అదే చిన్న మోరులాలో అయితే 2 కి పోతుంది. అయినా రెండోసారి చూశాక కూడా మనసు ఒప్పుకోకపోతే 7-2 రాసి, ఫ్రీజ్ చెయ్యకుండా ఫ్రెష్ గా మంచి పెయ్యకి పెట్టు. ఆ రైతు పెయ్య సంగతి 30 రోజులకి ఒకసారి, 60 కి ఒకసారి వచ్చి ఇక్కడ రాయి.